ఎంత ఏడిస్తే విరిగినట్టు?

ప్రశ్న: మా సంఘంలో చాలా ఏళ్లుగా కోశాధికారిగా ఉన్నాను. కోత పండుగ వేలం డబ్బయినా, ఆదివారపు కానుకలయినా నా చేతి మీదుగానే బ్యాంకుకు వెళ్లేవి. ఎప్పుడూ రూపాయి తేడా రాలేదు. చర్చి పైకప్పు కారుతుంటే సొంత డబ్బుతో రేకులు వేయించాను. నిరుడు మా అమ్మాయి ఇంజినీరింగు ఫీజు కట్టాల్సి వచ్చి మందిర నిర్మాణ నిధిలోంచి 60,000 రూపాయలు వాడుకున్నాను. చీటీ పాడుకుని తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా స్లాబు పని మొదలై డబ్బు అడిగేసరికి విషయం బయటపడింది. మొత్తం కట్టేశాను. ఆదివారం ఆరాధనలో అందరి ముందు నిలబడి ఒప్పుకుని ఏడ్చాను. చాలా నెలల తరువాత ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు ఒక సంఘ పెద్ద, “అప్పుడే నీ కన్నీళ్లు ఆరిపోయాయి, నువ్వు ఇంకా విరగలేదు” అంటున్నారు. స్త్రీల కూడికలో నా భార్యను కూడా లేచి ఒప్పుకోమన్నారట. ఆమెకు ఈ సంగతే తెలియదు. అప్పటి నుంచి ఆమె చర్చికి రావడం లేదు, నాతోనూ సరిగా మాట్లాడడం లేదు. మా కమిటీలోనే ఒకాయన చర్చి సిమెంటు బస్తాలు తన ఇంటికి తోలించుకున్నాడు. ఆయనను అడిగే నాథుడు లేడు. మళ్లీ నన్ను లెక్కలు చూడమంటారేమోనని ఎదురుచూస్తున్నాను. విరిగి నలిగిన హృదయం అంటే ఏమిటి? ఎంత విరిగితే దేవుడూ సంఘమూ ఒప్పుకుంటారు? వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బల్లలో (రొట్టె, పాత్ర పుచ్చుకునే ఆరాధనలో) పాలుపొందవచ్చా?

— పేరు, ఊరు వద్దన్న ఒక సోదరుడు

జవాబు:

సోదరా,

పైన కుదించి ఇచ్చాను గానీ మీరు రాసింది మూడు పేజీలు. మొదటి పేజీ అంతా మీ సేవ గురించే. 60,000 రూపాయల సంగతి రెండో పేజీ మధ్యలో రెండు మూడు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోయింది. మూడో పేజీలో సగం సిమెంటు బస్తాలదే. అవి ఏ వేళప్పుడు, ఎవరి ట్రాక్టరులో వెళ్లాయో కూడా రాశారు. దెప్పిపొడవడానికి ఈ మాట అనడం లేదు. విరిగిన హృదయం ఎలా ఉంటుందని అడిగారు. అది ఎక్కడ ఇంకా విరగలేదో మీ ఉత్తరమే చూపిస్తోంది.

లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు, అబద్ధమేమీ ఆడలేదు. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉండేవాడు, సంపాదించినదంతటిలో పదోవంతు ఇచ్చేవాడు. చెప్పిన లెక్క సరైనదే. కాకపోతే ముందు అక్కడే ఉన్న, పన్నులు వసూలు చేసే సుంకరిని వేలెత్తి చూపించాడు, ఆ తరువాత తన లెక్క అప్పజెప్పాడు. మీరు వరుస మార్చారు, అంతే. దూరంగా నిలబడిన ఆ సుంకరికి చెప్పుకోవడానికి ఏమీ లేకనా? రోమా ప్రభుత్వం ఉంది, పైఅధికారుల ఒత్తిడి ఉంది, “అందరు సుంకరులూ చేసేదే కదా” అన్న మాట ఉంది. ఏదీ అనలేదు. “దేవా, పాపినైన నన్ను కరుణించుము” అని ఊరుకున్నాడు.

మన కూడికల్లో “విరిగి నలిగిన హృదయం” అన్న మాట వినపడని ప్రార్థన ఉండదు. ఎంతగా వాడామంటే, ఆ మాట చెప్పినవాడు ఎవడో, ఏం చేసి చెప్పాడో మరిచిపోయాం. 51వ కీర్తన పైనే రాసి ఉంటుంది: దావీదు బత్షెబ దగ్గరకు వెళ్లిన తరువాత, నాతాను ప్రవక్త అతని యొద్దకు వచ్చినప్పుడు రచించినది. ఊరియా భార్యను తీసుకున్నాడు. ఊరియాను యుద్ధం ముమ్మరంగా జరిగే చోట నిలబెట్టి చంపించాడు. ఆ హత్యకు ఆజ్ఞాపత్రం ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. బిడ్డ పుట్టేదాకా ఏమీ ఎరగనట్టే రాజ్యం ఏలాడు. నాతాను వచ్చి ఒక బీదవాడి గొర్రెపిల్ల కథ చెబితే మండిపడి, దాన్ని కాజేసినవాడు నాలుగంతలు చెల్లించాలని తీర్పు కూడా ఇచ్చాడు. అప్పుడు నాతాను “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడు. దావీదు నోట వచ్చిన మొదటి జవాబు: యెహోవాకు వ్యతిరేకంగా పాపం చేశాను. దాని ముందూ ఏమీ లేదు, వెనుకా ఏమీ లేదు.

అతనికి ముందు రాజైన సౌలూ ఇదే మాట అన్నాడు. అమాలేకీయుల మీద గెలిచి, నాశనం చేయమన్న మందలో మంచి గొర్రెలను, ఎడ్లను మిగుల్చుకున్నాడు. సమూయేలు రాగానే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని తానే ముందుగా ప్రకటించాడు. మరి ఈ గొర్రెల అరుపులేమిటని ప్రవక్త అడిగితే, అది జనులు చేసిన పని, అదీ బలి అర్పించడానికే అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు, కానీ జనులకు భయపడి చేశానన్నాడు. మళ్లీ ఒప్పుకుని, “నేను పాపము చేసితిని, అయినను” నా జనుల పెద్దల ఎదుట నన్ను ఘనపరచు అని బతిమాలాడు. పాపం చేశానన్న మాట సౌలు రెండుసార్లు అన్నాడు, దావీదు ఒక్కసారే అన్నాడు. నేరం చూస్తే దావీదుదే ఘోరం. అయినా విరిగినవాడు దావీదు. తన పక్షాన తాను వాదించుకోవడం ఆపేశాడు కాబట్టి.

విరగడం అంటే నాకు తెలిసినంతలో ఇదే. కృంగిపోవడం వేరు, తనను తాను తిట్టుకోవడం వేరు, పది మందిలో వెక్కి వెక్కి ఏడవడం వేరు. మన లోపల ఒక వకీలు ఉంటాడు. నేను చేసింది తప్పే గానీ నా ఇబ్బంది చూడండి, నా సేవ చూడండి, పక్కవాణ్ణి చూడండి అంటూ వాదిస్తూనే ఉంటాడు. దేవుని ఎదుట ఆ వాదన విరమించుకోవడమే విరగడం. వకాల్తా వదిలేసినవాడికి ఇంక కాపాడుకోవలసిన పరువు ఉండదు. వినయం అక్కడే మొదలవుతుంది. చేతులు కట్టుకుని మెల్లగా మాట్లాడడం వినయమైతే మనకు వినయవంతులు కొదవా?

ఎంత విరిగితే ఒప్పుకుంటారని అడిగారు. ఇది కోశాధికారి అడిగే ప్రశ్న, సోదరా! 51వ కీర్తన ఆ లెక్కే కొట్టేసింది. దావీదు రాజు. కావాలంటే వంద ఎడ్లను బలి ఇవ్వగలడు. నువ్వు బలిని కోరేవాడివి కాదు, కోరితే అర్పించేవాణ్ణే అని దేవునితో అంటాడు. ఆ తరువాతే “విరిగిన మనస్సే దేవునికిష్టమైన బలులు” అన్న మాట వస్తుంది. బలికి బదులు కన్నీళ్లు చెల్లించమని దాని అర్థం కాదు. చెల్లించి కొనుక్కునే దారే లేదని అర్థం. క్షమాపణ సిలువ దగ్గర దొరుకుతుంది, వెల లేకుండా. మీ ఏడుపు దానికి వాయిదా సొమ్ము కాదు. అందుకే ఆ పెద్దాయన కన్నీళ్ల బాకీ వసూలు చేయబోవడం నాకు నచ్చలేదు. అదే కీర్తనలో దావీదు రక్షణానందం తిరిగి ఇమ్మని అడుగుతాడు, “నీవు విరిచిన యెముకలు హర్షించును” అంటాడు. విరిగినవాడు సంతోషం అడగడం దేవునికి తప్పుగా తోచలేదు. ముల్లు తీశాక నొప్పి తగ్గితే, అసలు ముల్లే గుచ్చుకోలేదేమో అని ఎవరూ అనుమానపడరు. ఆ రాత్రి మీకు పట్టిన నిద్ర దేవుడిచ్చిందే. దాని గురించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వకండి.

అయితే కన్నీళ్లు అక్కరలేదన్నానని పని అయిపోయిందనుకోవద్దు. సుంకరి జక్కయ్య ఏడ్చినట్టు లూకా రాయలేదు. సంతోషంతో ప్రభువును ఇంట్లో చేర్చుకున్నాడని రాశాడు. ఏడవలేదు గానీ ఆస్తిలో సగం బీదలకన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ధర్మశాస్త్రంలో, సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం, తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి, ఆపైన అసలుకు ఐదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇవ్వాలి. మీ విషయంలో ఆ ఐదో వంతు 12,000 రూపాయలు. మనం ధర్మశాస్త్రం కింద లేమని మీరు అనవచ్చు, నిజమే. కానీ స్లాబు పని ఆగింది, ఆ ఆగిన రోజుల నష్టం సంఘం భరించింది. అసలు ఒక్కటే కట్టి చేతులు దులుపుకుంటే అది వడ్డీ లేని అప్పు తీసుకున్నట్టే. ఆ 12,000 ఒక్కసారి కాకపోతే రెండుసార్లుగా కట్టండి, రసీదు తీసుకోండి. దాని గురించి కూడికలో లేచి సాక్ష్యం మాత్రం చెప్పకండి.

పదవి సంగతి. ఎదురుచూడడం మానేయండి. ఇప్పుడు అడగరు, అడగకూడదు కూడా. ఒకవేళ మొహమాటానికి అడిగినా వద్దనండి. సౌలు కోరిక గుర్తుంది కదా: పెద్దల ఎదుట ఘనత. తనను ఎరగనని మూడుసార్లు అన్న శిష్యుడు పేతురుకు ప్రభువు మళ్లీ మంద అప్పగించాడు కదా అని మీకు అనిపించవచ్చు. అప్పగించాడు, తిబెరియ సముద్రం ఒడ్డున, నిప్పుల దగ్గర, మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగి మరీ. పేతురు అడిగి తీసుకోలేదు. పైగా క్షమించడం వేరు, డబ్బు పెట్టె తాళం చెవి ఇవ్వడం వేరు. మీకు తాళం ఇవ్వనంత మాత్రాన సంఘం క్షమించలేదని కాదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. పదవి పోగానే కొందరు అందరికంటే ముందు వచ్చి చీపురు పట్టుకుంటారు, చాపలు పరుస్తారు, చెప్పుల దగ్గర కూర్చుంటారు. పని మంచిదే. చూసేవారు లేనప్పుడు కూడా చేస్తే ఇంకా మంచిది. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో ఇలాంటి పైపై వినయం గురించి, దేహాన్ని శిక్షించుకోవడం గురించి కాస్త కటువుగానే రాశాడు. చూడడానికి జ్ఞానంలా కనిపిస్తుంది గానీ లోపలి మనిషిని అదుపు చేయడానికి పనికిరాదన్నాడు. గర్వానికి ఒక బట్ట తీసేస్తే ఇంకో బట్ట వేసుకుని వస్తుంది. వినయం బట్ట దానికి బాగా నప్పుతుంది.

మిమ్మల్ని విరగలేదన్న పెద్దాయనతో ఎలా ఉండాలి? దావీదు జీవితంలోనే ఇంకో ఘట్టం చూడండి. కొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదు యెరూషలేము విడిచి పారిపోతున్నాడు. బహూరీము దగ్గర షిమీ అనేవాడు వెంటపడి రాళ్లు రువ్వుతూ, దుమ్మెత్తిపోస్తూ, సౌలు ఇంటివారి రక్తం నీ మీదుందని శపించాడు. ఆ నిందలో నిజం లేదు. దొరికిన సౌలును దావీదు చంపకుండా రెండుసార్లు వదిలేశాడు. పక్కనున్న అబీషై, వాడి తల తీసేస్తానన్నాడు. దావీదు వద్దన్నాడు, శపించనివ్వండి అన్నాడు. సౌలు ఇంటివారి రక్తం అతని మీద లేదు గానీ ఊరియా రక్తం ఉంది. షిమీ ఆ మాట ఎత్తలేదు, దావీదుకు మాత్రం అది తెలుసు. మీ పెద్దాయన మాట తప్పే. అయినా ఆయనతో తగువు పెట్టుకోకండి, ఆ మాట నలుగురిలో చెప్పుకుని సానుభూతి పోగుచేసుకోకండి. మీకు ఎంత క్షమాపణ దొరికిందో ఆయనకంటే మీకే బాగా తెలుసు. నమస్కారం పెట్టి ముందుకు సాగండి.

కానీ ఈ సలహా మీ ఒక్కరికే. మీ భార్యకు కాదు. ఉత్తరం చదువుతుంటే నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఆమె ఏ తప్పు చేసిందని లేచి నిలబడాలి? భర్త చేసిన పనికి, తనకు తెలియని పనికి, పది మంది ఆడవాళ్ల మధ్య తల వంచుకుని ఒప్పుకోవడం విరగడం కాదు. అది విరగ్గొట్టడం. చేసేది దేవుడు కాదు, మనుషులు. ఆమె నిలబడకపోవడాన్ని గర్వమని ఎవరైనా అంటే వారికి ప్రభువునే చూపించండి. ప్రధాన యాజకుడి ఎదుట ఒక బంట్రోతు ఆయన చెంప మీద కొడితే, తప్పుగా మాట్లాడి ఉంటే ఆ తప్పేమిటో చెప్పు, సరిగా మాట్లాడి ఉంటే నన్నెందుకు కొడుతున్నావని అడిగాడు. చెంప తిప్పమని బోధించినవాడే ఆ మాట అడిగాడు. ఫిలిప్పీలో పౌలు, సీల విచారణ లేకుండా బెత్తం దెబ్బలు తిన్నారు. మర్నాడు అధికారులు చడీచప్పుడు లేకుండా వెళ్లిపొమ్మన్నారు. పౌలు కదలలేదు. రోమీయులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వారే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. దీనమనస్సు గురించి ఫిలిప్పీయులకు రాసినవాడూ ఈ పౌలే. చేయని తప్పును ఒప్పుకోవడం వినయమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

మన సంఘాల్లో ఈ జాడ్యం పాతుకుపోయింది. తాగి కొట్టే భర్తను భరిస్తున్న ఆడమనిషికీ “దేవుడు నిన్ను విరుగగొడుతున్నాడమ్మా, తగ్గించుకో” అనే సలహా ఇస్తారు. యెషయా 42వ అధ్యాయంలో దేవుని సేవకుడు నలిగిన రెల్లును విరవడని రాసి ఉంది. మత్తయి ఆ మాట యేసుకు అన్వయించాడు. నలిగినదాన్ని ఇంకా విరిచే చెయ్యి ఎవరిదైనా కావచ్చు, ఆయనది మాత్రం కాదు.

ఆమె మౌనానికి కారణం స్త్రీల కూడిక ఒక్కటే కాదు, సోదరా. ముందు మీరు. ఫీజు ఎలా కట్టారో ఇంట్లో ఆమెకు చెప్పలేదు. చర్చిలో మీరు మైకు పట్టుకున్నాకే ఆమెకు తెలిసింది. అది ఎప్పుడైనా ఆలోచించారా? ఊరంతటితో పాటు ఆమె కూడా బల్ల మీద కూర్చుని విన్నది. సంఘం ముందు ఏడ్చారు, దేవుని ముందు ఏడ్చారు. మూడు పేజీల ఉత్తరంలో మీ భార్యను క్షమాపణ అడిగినట్టు ఒక్క వాక్యం లేదు. ముందు ఆ పని చేయండి. వివరణలొద్దు, చీటీ కథ వద్దు, అమ్మాయి చదువు కోసమే కదా అన్న మాట అసలే వద్దు. ఆమె ఏమంటే అది వినండి, ఎంతసేపైనా.

తరువాత, వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో అయ్యగారి (పాస్టరు) అనుమతి తీసుకుని ఒక్క నిమిషం నిలబడి చెప్పండి: ఈ విషయం నా భార్యకు తెలియదు, ఆమెను ఎవరూ ఏమీ అనవద్దు. దావీదు ముసలితనంలో జనసంఖ్య లెక్కించిన పాపానికి తెగులు వచ్చి ప్రజలు చనిపోతుంటే దేవునితో అన్న మాట ఇదే: “పాపము చేసినవాడను నేనే”, గొర్రెలవంటి వీరేం చేశారు? షిమీ రాళ్లను తన మీద పడనిచ్చిన మనిషి, ఇతరుల మీద పడే దెబ్బకు మాత్రం అడ్డం వెళ్లాడు. మీరు లేచి ఏడవడానికి పట్టినంత ధైర్యం ఈ ఒక్క నిమిషానికీ పడుతుంది. ఈసారి కన్నీళ్లు రాకుండా చూసుకోండి. వస్తే సభ మళ్లీ మీ వైపే చూస్తుంది.

సిమెంటు బస్తాల గురించి ఎక్కువ చెప్పను. మీరు రాసింది నిజమే కావచ్చు. ఒకరి పాపాన్ని కప్పిపుచ్చడం వినయం కాదు. మత్తయి 18 చెప్పిన పద్ధతి ఉంది కదా: ఒంటరిగా వెళ్లి ఆయనకే చెప్పండి. అయితే 12,000 కట్టి, మీ భార్య దగ్గరకు వెళ్లి వచ్చిన తరువాత. అప్పటికి కూడా ఆయనతో మాట్లాడాలని మీకు అనిపిస్తే, ఆ మాటలో కసి తగ్గి ఉంటుంది. తగ్గకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. కమిటీ చేయాల్సిన పని వేరే ఉంది. యెరూషలేము బీదల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు. తన మీద ఎవరూ తప్పు మోపకుండా తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సోదరులను కలిపి పంపానని కొరింథీయులకు రాశాడు. అపొస్తలుడికే అక్కరైన జాగ్రత్త మనకు అక్కరలేదా? బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు, నెలనెలా నోటీసు బోర్డు మీద జమాఖర్చులు, సామాను వచ్చినప్పుడు ఇద్దరు చూసి రాసే పుస్తకం. ఇవి ఉంటే మీ 60,000 కదిలేవి కావు, బస్తాలూ కదిలేవి కావు. ఒక మనిషిని నమ్మకస్తుడని పొగిడి పెట్టె మొత్తం చేతికిచ్చేయడం అతనికి చేసే మేలేమీ కాదు. ఈ మాట మీరు కమిటీలో చెబితే బాగుండదు. ఈ పేజీ అయ్యగారికి చూపించండి, నేను అన్నానని.

ఇక ప్రభువు బల్ల. అయ్యగారు మీకు క్రమశిక్షణ గడువు ఏదైనా పెట్టి ఉంటే ఆ గడువు పాటించండి. పెట్టకపోతే మానవద్దు. అర్పణ తెచ్చినవాడికి సహోదరుడితో పేచీ గుర్తొస్తే అర్పణ అక్కడే విడిచి ముందు సమాధానపడమని ప్రభువు చెప్పాడు. మీ ఇంట్లో ఆ పని బాకీ ఉంది, మొదటి ఆదివారానికి ముందే పూర్తి చేయండి. మన పెద్దలు బల్లకు ముందు “తన్ను తాను పరీక్షించుకొనవలెను” అని చదివి, సగం మందిని వెనక బెంచీల్లోనే కూర్చోబెడతారు. వాక్యం అక్కడ ఆగదు. అలా పరీక్షించుకుని ఆ రొట్టె తిని, ఆ పాత్రలోది తాగాలని ఉంది. కాబట్టి వెళ్లండి. మీ భార్య వస్తానంటే కలిసి వెళ్లండి. రానంటే బలవంతపెట్టకండి. ఆమె మనసు కుదుటపడడానికి మీ మనసుకు పట్టినంత కాలమే పట్టాలని లేదు.

— మీ సోదరుడు